దొరసాని గోడ

ఎర్రచెలమ ఊరికి పడమట, గుట్ట మొదట్లో ఉంది దొరసాని గోడ. పొద్దు గుంకినాక ఆ దారిన పోయినవాడు తిరిగి రాడని దానికి పేరు. ఒకవేళ వచ్చినా, వచ్చినవాడు వాడు కాదని ఇంకో పేరు. గొర్రెలు కాసే కంబన్న ఒక రాత్రి తప్పిపోయిన పొట్టేలును వెతుక్కుంటూ అటు పోయి నీళ్ళ చప్పుడు విన్నాడట. కడవలోంచి తొట్టిలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు... చుక్క నీళ్ళు లేని చోట. ఇంటికొచ్చి పడుకున్నవాడు చాలా రోజులు నోరు విప్పలేదు. పొట్టేలు సంగతి కూడా ఎవరూ అడగలేదు.

ఈ కథ నాకు చెప్పింది భీమక్క. ముసలిది. మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య ఒక్క వంకే అడ్డం. ఈ కథ జరిగినప్పుడు ఆమె బాలింత, మంచంలో ఉంది. చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. మిగతాది నేను నలుగురి దగ్గరా విని అతికించుకున్నాను. నాకు దెయ్యాలంటే భయం లేదు. ఊళ్ళంటే ఉంది.

ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. లేకపోతే నేనేదో కల్లు తాగి చెబుతున్నానంటారు.

తెల్లదొరల కాలంలో ఒక దొర అక్కడ బంగళా కట్టుకున్నాడు. ఏం పని మీద వచ్చాడో ఎవరికీ గుర్తు లేదు. బంగళా కూలిపోయి గోడ మిగిలింది. నెలవంకలాగా వంగిన గోడ, రెండు నిలువుల ఎత్తు. గోడ పొడుగునా గూళ్ళు. దీపం పెట్టే గూళ్ళు కావు, మనిషి నిలబడేటంతవి. గచ్చులో సముద్రపు గవ్వలూ రంగు గాజుపెంకులూ అద్దారు. నడిమి గూట్లో ఒక రాతి ఆడమనిషి. చంకలో కడవ, దాని మూతి కిందికి వంచి ఉంటుంది. కింద రాతి తొట్టి. మిగతా గూళ్ళన్నీ ఖాళీ.

మిషన్ బడి పంతులు దావీదురాజు దాన్ని చూసి, ఇది రోము పట్టణపు వాటం అన్నాడట. వెనకటి కాలంలో రోము రాజులు నీళ్ళ దేవతలకని ఇట్లాంటి గోడలు కట్టించేవాళ్ళట. కోసుల దూరం నుంచి కొండనీళ్ళు తెప్పించి, రాతిబొమ్మల కడవల్లోంచి, సింహాల నోళ్ళలోంచి దూకించేవాళ్ళట. సగం గుడి, సగం సింగారం. చల్లగా ఉంటుందని దాని ముందు కూర్చుని విందులు కూడా చేసేవాళ్ళట. ఆ నీళ్ళు కొన్ని తాగడానికి, కొన్ని ఊరికే చూడడానికి.

ఊరికే చూడడానికి నీళ్ళు. ఎర్రచెలమలో ఈ మాట ఎవరితో అన్నా తిట్లు తింటారు.

ఈ దొర కూడా రోము చూసి వచ్చినవాడే అయి ఉండాలి. గుట్ట నెత్తిన బండలో ఒక గుంత తొలిపించి, మీద రాళ్ళు కప్పించి, వాననీళ్ళన్నీ అందులోకి మళ్ళించాడు. అక్కడి నుంచి మట్టిగొట్టాలతో గోడ వెనక్కి దింపాడు. దొర ఉన్నన్నాళ్ళూ రాతి కడవలోంచి నీళ్ళు దూకాయి. దొర పోయాడు. గొట్టాలు వేళ్ళు పట్టి పూడిపోయాయి, నీళ్ళు నిలిచిపోయాయి. ఆ రాతిమనిషి దొర పెళ్ళామనీ, ఆమె అక్కడే చచ్చిపోయిందనీ ఊరు ఒక కథ కట్టింది. చాలాకాలం అది ఒట్టి కథగానే ఉంది. ఆ తర్వాత నిజంగానే కనబడడం మొదలుపెట్టింది — తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు.

ఇక యాభైరెండు కరువు. రాయలసీమలో పుట్టినవాళ్ళకు ఆ ఏడాది గురించి నేను చెప్పక్కర్లేదు. గంజితొట్ల దగ్గర పెద్దపెద్ద రైతులే తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఎర్రచెలమ ఊరబావి అడుగంటింది. పొద్దుటిపూట కాసిని బురదనీళ్ళు ఊరితే వాటికోసం జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్ళు.

ఆ బావిని పేటవాళ్ళు ముట్టకూడదు. పేటంటే ఊరికి దిగువన ఉన్న కిరస్తానీల ఇళ్ళు. వాళ్ళు ఏసుప్రభువును నమ్ముకున్నారు గానీ, ఊరు వాళ్ళను చూసే చూపు మారలేదు. గట్టు కింద కడవలు పెట్టి దూరంగా నిలబడితే, ఊరివాళ్ళెవరికైనా దయ పుట్టినప్పుడు పోసేవాళ్ళు. కరువు ముదిరినాక పేటవాళ్ళు బావి దగ్గరికి రావడమే మానేశారు. ఊరు దాన్ని పట్టించుకోలేదు. పీడ పోయిందనుకుంది.

అట్లాంటి రోజుల్లో భీమక్క కొడుకును కన్నది. కన్న మూడోనాటికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. నాలుక పిడచకట్టింది, పాలు రాలేదు. మంత్రసాని చూసి, దీనికి మందు కాదు నీళ్ళు కావాల, తెల్లారేలోగా తాపకపోతే తల్లీ ఉండదు బిడ్డా ఉండడు అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె మొగుడు చిన్న ఈరన్న పెదనాయన ఇంటికి పరిగెత్తాడు. పెదనాయన పేరు పెద్ద ఈరన్న. ఊరికి పెద్ద, మాటకారి. ఆయన కొట్టంలో రెండు బానల నీళ్ళున్నాయని ఊరంతా తెలుసు. ఆయన తమ్ముడి కొడుకును కూర్చోబెట్టి, శానా బాధపడి, అవి ఎద్దులకు నాయనా అన్నాడట. ఎద్దులు పోతే వానొచ్చినప్పుడు దున్నేదెట్ల అని అడిగాడట. పెళ్ళాం పోతే ఇంకొకతె వస్తుందని పైకి అనలేదు. అంతవరకు ఆయన మర్యాద.

చిన్న ఈరన్న ఇంటికొచ్చాడు. భీమక్కను చూశాడు. ఖాళీ కడవ భుజాన పెట్టుకుని పడమటి దారి పట్టాడు. కంబన్న అక్కడ నీళ్ళ చప్పుడు విన్నాడు. చప్పుడుంటే నీళ్ళుండాలి. దెయ్యానివైనా సరే, నీళ్ళు నీళ్ళే.

వెన్నెల లేదు. చుక్కల వెలుగు అంతంత మాత్రం. గోడ దగ్గరికి పోయే దారి చివర సన్నగా ఉంటుంది — ఒక పక్క బండ, ఒక పక్క బొమ్మజెముడు కంచె. ఒక మనిషి పట్టేటంత. ఆ సందులో అతను కడవను గుండెకు అదుముకుని పక్కవాటుగా నడిచాడు.

ఘల్లు...

ఆగాడు. ఎక్కడో ఎద్దుల మెడపట్టీ అనుకున్నాడు. ఆ వేళప్పుడు అక్కడ ఎద్దులెక్కడివి?

ఘల్లు... ఘల్లు...

తర్వాత ఆ చప్పుడు వినబడింది. నీళ్ళు. సన్నగా... రాతి మీద... జలజలమని. అతని నోట్లో తడి ఊరింది. భయం కంటే ముందు దప్పిక వచ్చిందని తర్వాత భీమక్కతో చెప్పాడట.

సందు దాటి గోడ ముందుకొచ్చాడు. చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

నడిమి గూట్లో రాతిమనిషి ఉంది. కడవ మూతి తడిగా మెరుస్తోంది. ఎడమపక్క గూడు ఖాళీ, దాని పక్క గూడూ ఖాళీ. కుడిపక్క గూడు... ఆ గూడు కూడా ఖాళీగానే ఉండాలి. పగలు ఎన్నిసార్లో చూశాడు.

ఖాళీగా లేదు.

తెల్లగా నిలబడి ఉంది. ముఖం మీద జుట్టు. చేతులు రెండూ పక్కలకు వేలాడేసి కదలకుండా... రాతిమనిషికి తోడబుట్టినదానిలా నిలబడింది.

"పో..." అన్నది.

గొంతు కాదు, ఊపిరి. చిన్న ఈరన్న పారిపోవాలనే అనుకున్నాడు. కాళ్ళు లేవలేదు. ఆ లేవని కాళ్ళతోనే అక్కడ కూలబడి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా... నా పెండ్లాం సచ్చిపోతాండాది. బాలింత. చెంబెడు నీళ్ళియ్యి."

"పో..."

"పోను. నన్ను సంపాలంటే సంపు. నీళ్ళు ఇంటికి చేర్చినాక సంపు. మల్లా వస్తా."

ఎంతసేపు అట్లా గడిచిందో అతనికి తెలియదు. గుట్ట మీద ఏదో పిట్ట అరిచి ఊరుకుంది. గూట్లోని తెల్లది కదిలింది. గజ్జెలు మోగకుండా దిగింది. కడవను తొట్టిలో పెట్టి దూరం జరగమని చేత్తో సైగ చేసింది. అతను జరిగాడు. అది రాతిమనిషి వెనక్కి చేయి పోనిచ్చి దేన్నో లాగింది. రాతి కడవలోంచి నీళ్ళు దూకి అతని కడవలో పడ్డాయి. ఆ చప్పుడుకు చిన్న ఈరన్న ఏడ్చాడు.

కడవ నిండింది. నీళ్ళు ఆగాయి. తలెత్తి చూస్తే అది గోడ దగ్గర లేదు.

అతను కడవ ఎత్తుకుని సందులోకి మళ్ళాడు. సందు నడుమ... అది నిలబడి ఉంది. ఎవరైనా వెంట వచ్చారేమోనని ఊరి దిక్కు తొంగి చూస్తోంది. అతని అడుగుల చప్పుడు విని గిరుక్కున తిరిగింది. ఇద్దరికీ నడుమ నాలుగు బారలు. అతను ఒక అడుగు వేశాడు. వెనక్కి పోలేడు, ఇంటి దగ్గర ప్రాణం పోతోంది. ఇంకో అడుగు వేశాడు.

అప్పుడది పక్కకు తప్పుకుంది.

కొంగు తల మీదికి లాక్కుని, వీపు వంచి, ఉత్తకాళ్ళతో బొమ్మజెముడులోకి దిగి, ముఖం అటు తిప్పుకుని నిలబడింది. ముళ్ళు దిగినట్టున్నాయి, ఊపిరి బిగపట్టిన చప్పుడు వినబడింది. అయినా కదల్లేదు. అతను దాటి పోవడానికి దారి వదిలి నిలబడింది.

చిన్న ఈరన్న అక్కడే ఆగిపోయాడు. దెయ్యానికి మనిషి దారి వదులుతాడు గానీ, మనిషికి దెయ్యం వదలడం ఎక్కడా లేదు. ఊరివాళ్ళు ఎదురొస్తే ముళ్ళయినా సరే దిగి, తలవంచి నిలబడేవాళ్ళు ఒక్క పేటలోనే ఉన్నారు. నడక నేర్చిన నాటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు. దెయ్యం వేషం వేసుకున్నా ఒళ్ళు మరిచిపోలేదు.

తప్పు చేశానని ఆమెకు కూడా తెలిసిపోయింది.

"ఎవురికీ చెప్పద్దు సామీ..." అన్నది. ఈసారి ఊపిరి కాదు, ఆడమనిషి గొంతు. "మా పేటకు ఇదొకటే ఉండాది. ఊరికి తెలిస్తే మాకు గుక్కెడు మిగల్దు."

ఆమె పేటలో ఉండే ప్రేమయ్య కూతురు ఏసుమణి. మొగుడు పోయి తండ్రి దగ్గరే ఉంటోంది. గుట్ట నెత్తిన దొర తొలిపించిన గుంతలో ఇంకా నీళ్ళున్నాయని కనిపెట్టింది ప్రేమయ్యే. గొట్టాల్లో వేళ్ళు లాగేసి, రాతి కడవ వెనక ఒక కొయ్య బిరడా కొట్టాడు. రాత్రిళ్ళు పేట అంతా వచ్చి కడవలు నింపుకుని పోయేది. ఊరివాళ్ళు ఆ దిక్కుకు రాకుండా ఏసుమణి ఏసు గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని గూట్లో నిలబడేది. కరువులో అప్పటిదాకా పేట ప్రాణాలు ఆ దెయ్యం కాపాడింది.

చిన్న ఈరన్న బిడ్డ మీద ఒట్టేశాడు. ఎవరికీ చెప్పనన్నాడు. నిజంగానే అన్నాడు.

దారిలో కడవ బరువెక్కింది. పేటదాని చేతి నీళ్ళు... ఈ నీళ్ళు ఇంట్లోకి తీసుకుపోవచ్చునా? వాకిట్లో ఒక్క క్షణం ఆగాడట. లోపల బిడ్డ ఏడ్చాడు. గబగబా పోయి తాపాడు. అతను చేసిన మంచి ఏదైనా ఉంటే అదొక్కటి. అది అతని ఖాతాలో వేయాల్సిందే.

తెల్లారేసరికి భీమక్క కళ్ళు తెరిచింది. మర్నాటికి పాలు వచ్చాయి. బాలింత బతికిందంటే ఊరు సంతోషించాలి కదా. ఊరు నీళ్ళు యాడివని అడిగింది.

ఆ సాయంత్రం పెద్ద ఈరన్న నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పేటలో తెచ్చుకున్నావా అని మెల్లగా అడిగాడు. ఔనంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ ఇంటికి ఎవరూ నిప్పివ్వరు. ఆ ఇంట్లో చెయ్యి కడగరు. బిడ్డకు పేరు పెట్టే నాడు గడప తొక్కరు. చిన్న ఈరన్న తల అడ్డంగా ఊపాడు. దొరసాని గోడ దగ్గర దెయ్యం ఇచ్చిందన్నాడు. ఒట్టు నిలబెట్టుకుంటున్నాననే అనుకున్నాడు పాపం.

నలుగురూ ముఖాలు చూసుకున్నారు. పెద్ద ఈరన్న నవ్వలేదు. దెయ్యం ఎట్లుండాది, ఏమన్నది, నీళ్ళు ఎట్ల పోసింది అని ఒకటొకటే ఆరా తీశాడు. చిన్న ఈరన్న అన్నీ బాగానే చెప్పుకొచ్చాడు. గజ్జెలు, తెల్లచీర, పో అన్నది... వచ్చేటప్పుడు సందులో ఎదురుగా నిలబడింది, ఒళ్ళు జలదరించిందని కూడా చెప్పాడు. భయం బాగా చెబితే నమ్ముతారనుకున్నాడు.

"ఆ సందులో ఒక మనిషే గదా పట్టేది," అన్నాడు పెద్ద ఈరన్న. "అది ఎదురుగా ఉంటే నువ్వెట్ల దాటినావప్పా?"

చిన్న ఈరన్న నోరు తెరిచాడు.

"అది... పక్కకు తప్పుకుండె."

అరుగు మీద ఒకడు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పేటవాళ్ళు బావి దగ్గరికి ఎందుకు రావడం లేదో ఆ క్షణాన అందరికీ ఒక్కసారే అర్థమైంది. మంచంలో ఉన్న భీమక్కకు కూడా అర్థమైంది. కానీ పేట అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

పెద్ద ఈరన్న లేచి పంచె దులుపుకున్నాడు. మనకు లేని నీళ్ళు దెయ్యానికి ఉండాయంట, రేపు రేత్రి దాని అంతు చూద్దామని చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యలో ఒక పగలంతా ఉంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. పేట ఎంత దూరం? కేకేస్తే వినబడుతుంది. ఈ రాత్రి రావద్దమ్మా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చిన్న ఈరన్న రెండుసార్లు ఆ దిక్కు బయలుదేరాడు. పేట దారిలో తనను ఎవరైనా చూస్తారని రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. బెదిరించి వదిలేస్తారులే అనుకున్నాడు. రాత్రి మగవాళ్ళు కట్టెలు తీసుకుని పోతుంటే, ఇంట్లో ఉంటే అనుమానపడతారని తనూ ఒక కట్టె పట్టుకుని ఆఖర్న నడిచాడు.

దీపాలు లేవు. మాటలు లేవు. సందులోంచి ఒకరి వెనక ఒకరు గోడ ముందుకు వచ్చారు. గజ్జెలు మోగాయి. ఆమె కుడిపక్క గూట్లో నిలబడి ఉంది.

"పో..." అన్నది.

ఎవరూ పోలేదు. ఆమెకు అప్పుడే తెలిసి ఉంటుంది. అయినా ఇంకోసారి అన్నది, ఇంకా మెల్లగా. ఆ వేషమే తనను ఇంతకాలం కాపాడింది మరి. దాన్నే పట్టుకుని నిలబడింది. మొదటి కట్టె మోకాలి మీద పడింది. ఆమె గూట్లోంచి తొట్టిలో పడిపోయింది.

"నేను సామీ... నేను ఏసుమణిని. ప్రేమయ్య కూతుర్ని."

చీకట్లో కట్టెలు ఒక్క క్షణం ఆగాయి.

"దెయ్యాలు అట్లనే చెప్తాయి," అన్నాడు పెద్ద ఈరన్న. "ఎవురిదో ఒగరి పేరు చెప్తాయి."

కట్టెలు మళ్ళీ లేచాయి. చిన్న ఈరన్న కట్టె లేచిందో లేదో ఎవరూ చెప్పరు. భీమక్క అడగలేదట.

తెల్లారి ప్రేమయ్య కూతుర్ని తొట్టిలోంచి ఎత్తుకుని పేటకు తీసుకుపోయాడు. పడుకోబెట్టి, నడుచుకుంటూ పోలీసు టేషనుకు పోయాడు. మధ్యాహ్నానికి ఒక జమేదారు సైకిలు మీద వచ్చి చిన్న ఈరన్న అరుగు మీదే కూర్చున్నాడు. ఊరంతా పోగైంది. ప్రేమయ్య వాకిలి అవతల ఎండలో నిలబడ్డాడు. పెద్ద ఈరన్న అందరి తరఫునా చెప్పాడు. దెయ్యం శానా ఏండ్ల నుంచి ఊరిని పీడిస్తోంది, దెయ్యాన్నే కొట్టినాం, పొద్దున చూస్తే ఆయమ్మ, మాకెట్ల తెలుస్తాది సార్ అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

జమేదారు చెడ్డవాడు కాదు. అంతా విని చిన్న ఈరన్నను ముందుకు పిలిచాడు. మనిషని తెలిసి కొట్టి ఉంటే అది ఖూనీ అవుతుందని, తెలుసునని ఒక్కడు చెప్పినా తనకు చాలునని విడమరిచి చెప్పాడు. మొన్న రాత్రి నీ ఎదురుగా నిలబడి నీళ్ళు పోసింది కదా, నువ్వు దగ్గర్నుంచి చూసినావు గదా అన్నాడు.

"భయపడకుండా చెప్పు. నీకు నీళ్ళు పోసింది మనిషా, దెయ్యమా?"

చిన్న ఈరన్న ముందు ప్రేమయ్య దిక్కు చూశాడు. ఆ ముసలాయన చేతులు కట్టుకుని ఇతని నోటివైపే చూస్తున్నాడు. తర్వాత తన ఇంటి తలుపు దిక్కు చూశాడు. పోసింది మనిషైతే, ఆ నీళ్ళు తన పెళ్ళాం గొంతులో దిగాయి. పాలయ్యాయి. కొడుకు ఒంట్లో ఉన్నాయి. ఊరంతా అక్కడే ఉంది, వింటోంది. దెయ్యమైతే ఏ అంటూ లేదు. దెయ్యానికి కులం లేదు.

"దెయ్యమే సార్," అన్నాడు.

జమేదారు ఇంకోసారి అడిగాడు. ఇంకోసారీ అదే చెప్పాడు, కాస్త గట్టిగా. ప్రేమయ్య పేట దారి పట్టాడు. ఎదురుగా ఊరివాళ్ళెవరో వస్తుంటే పక్కకు కూడా తప్పుకోలేదట. వాళ్ళే తప్పుకున్నారట, ఆ ఒక్కరోజుకు.

ఆ మాట లోపల మంచంలో వినబడినప్పుడు నీకేమనిపించింది అవ్వా అని నేను భీమక్కను అడిగాను. ఏడ్చానంటుందనుకున్నాను. ఆమె చేతిలోని వక్కను అటూ ఇటూ తిప్పింది. దాచుకోవాలంటే దాచుకోవచ్చు. నేనేమీ బలవంతం చేయలేదు.

"ఎవురో నాకు తెలుసు నాయనా," అన్నది. "ఊరందరికీ తెలుసు. ఆయమ్మ నీళ్ళు పోయకపోతే నేనుండనని కూడా తెలుసు. అయినా దెయ్యమే అని ఆయప్ప అనంగానే... హమ్మయ్య అనుకుంటి. నా బిడ్డ మైలపడలేదు అనుకుంటి. వానికి కడుపునిండా పాలిచ్చి పండుకుంటి. శానా దినాలకు ఆ పొద్దు మంచి నిద్ర పట్టింది."